మా అక్కకి ఏ సినిమా చూపించాలి?

గే ప్రేమకథల్లో మంచి సినిమాలేవో చెప్పమంటే, సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా ఊపిరి తీసుకోకుండా పది పేర్లు చదువుతారు. బ్రోక్‌బ్యాక్ మౌంటెన్, మూన్‌లైట్, హ్యాపీ టుగెదర్, కాల్ మీ బై యువర్ నేమ్, పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్... గొప్ప సినిమాలే, కాదని ఎవరంటారు? అయితే ఆ చిట్టా పట్టుకెళ్ళి కాకినాడలో మా అక్క చేతిలో పెడితే మొదటి పావుగంటలోనే టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. సినిమా గొప్పదైతే చాలదు. చూసేవాళ్ళు కూర్చోడానికి అందులో ఓ పీట వేసి ఉండాలి.

ఈ మధ్య నాకీ పని నిజంగానే పడింది. అక్క కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. ముప్ఫై దాటాయి, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయిల ఫొటోలు వాట్సాప్‌లో వెళ్తున్నాయి, వాడు ఒక్కోదానికి ఒక్కో వంక పెడుతున్నాడు. చివరికి అసలు సంగతి ముందు నాకు చెప్పాడు. పిన్నిలకి ఆ సౌకర్యం ఉంటుంది: చెప్తే అర్థం చేసుకునేంత దగ్గర, వినగానే కుప్పకూలిపోనంత దూరం. "పిన్నీ, బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ ఫిల్మ్ సొసైటీ అంటూ తిరిగావు కదా. నేను అమ్మకి చెప్పేలోపు ఏదైనా సినిమా చూపించి పెట్టవా" అన్నాడు. సినిమా చూసి మనుషులు మారిపోతారని నాకేమీ భ్రమల్లేవు. కాకపోతే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేని సంగతులు పక్కపక్కన కూర్చుని టీవీ వైపు చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఆ మేరకు సినిమా పనికొస్తుంది.

మన ఇళ్ళల్లో ఈ విషయం ప్రేమ పేరుతో గుమ్మం ఎక్కదు, పెళ్ళి పేరుతో ఎక్కుతుంది. నీకెవరంటే ఇష్టంరా అని కొడుకుని అడిగే తల్లి అరుదు. ఏ సంబంధం ఖాయం చేయమంటావు అని అందరూ అడుగుతారు. జాతకాలు, కట్నకానుకలు, పిల్ల పొడుగు, పిల్లాడి ప్యాకేజీ అన్నీ చర్చకు వస్తాయి. వాడికి అసలు ఆడపిల్లంటే మనసు ఉందా లేదా అన్నది మాత్రం ఎవరి నోటా రాదు. అందుకని నేనొక లెక్క వేసుకున్నాను. ఇద్దరు మగవాళ్ళు ఎలా ప్రేమించుకున్నారో చెప్పే సినిమా తర్వాత చూపించవచ్చు. వాళ్ళ పక్కనున్న మనిషికి, అంటే పెళ్ళానికో తల్లికో తండ్రికో, ఏం జరిగిందో చెప్పే సినిమా ముందు చూపించాలి. పెద్దవాళ్ళు తమని తాము గుర్తుపట్టేది అక్కడే.

ఆ లెక్కన నా మొదటి ఓటు మలయాళం 'కాదల్ – ది కోర్'కి. దర్శకుడు జియో బేబీ. 2023 నవంబరు 23న విడుదలైంది. అంతకు ఐదు వారాల ముందు, అక్టోబరు 17న, స్వలింగ జంటల పెళ్ళిళ్ళకి గుర్తింపు ఇవ్వడం తమ చేతుల్లో లేదని, అది చట్టసభలు తేల్చుకోవాల్సిన సంగతని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు ఎవరి పేరుతో నడిచిందో ఆ సుప్రియో చక్రవర్తి, ఆయన జోడీ అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో కాపురమున్న జంట. పెళ్ళి కుదరదని కోర్టు చెప్పిన ఐదు వారాలకి ఈ సినిమా విడాకుల కథతో వచ్చింది.

కొట్టాయం జిల్లాలో తీకోయి అనే ఊరు. మాథ్యూ దేవసి ఊళ్ళో మంచిపేరున్న మనిషి, పంచాయతీ ఉపఎన్నికలో వామపక్షం తరఫున పోటీకి దిగుతున్నాడు. ఆ హడావిడిలో ఉండగానే భార్య ఓమన విడాకులకి కేసు వేసిందని బయటపడుతుంది. కారణం, భర్త గే అని. ఇరవయ్యేళ్ళ కాపురం, ఎదిగిన కూతురు, ఇంట్లో ముసలి తండ్రి. కేసు నడుస్తున్నన్నాళ్ళూ మొగుడూ పెళ్ళాం అదే ఇంట్లో ఉంటారు. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు. ఎవరూ విలన్ కారు.

మాథ్యూగా మమ్ముట్టి. 1951లో పుట్టిన మనిషి, ఈ వేషం వేసేనాటికి డెబ్బై దాటాయి. పైగా డబ్బు పెట్టింది ఆయన సొంత సంస్థే. అక్క ఆయన్ని చూడగానే తోటకూర కాడలు తుంచడం ఆపి, "అనంతరామశర్మ కదుటే!" అంది. 'స్వాతికిరణం' ఆవిడకి కంఠతా వచ్చు. 'యాత్ర'లో వైఎస్‌గానూ చూసింది. ఓమన వేషం వేసిన జ్యోతిక 'ఠాగూర్'లో చిరంజీవి పక్కన చేసిన పిల్లే. తెలిసిన ముఖాలు కాబట్టి అక్క కదల్లేదు. కథ ఏమిటో నేను ముందు చెప్పలేదు. ఇరవయ్యేళ్ళలో తమ ఇద్దరి మధ్యా కాపురమన్నది నాలుగే నాలుగు సార్లు అని ఓమన బయటపెట్టే చోట అక్క రిమోట్ అందుకుని సౌండు తగ్గించింది, పక్క వాటా వాళ్ళకి వినపడుతుందని. కట్టెయ్యలేదు. కాసేపయ్యాక, "ఆ పిల్ల గొంతు కోశారు కదే" అంది.

సరిగ్గా అందుకే ఇది ముందు చూపించాలంటాను. అబ్బాయి మీద జాలి కలగాలంటే టైం పడుతుంది. ఓమన మీద జాలికి క్షణం పట్టదు. ఆ జాలి పట్టుకుని నాలుగడుగులు వేస్తే, ఆమెని ఆ ఇంటికి తెచ్చిందెవరు అన్న ప్రశ్న దగ్గరికి చేరతాం. దానికి జవాబు మాథ్యూ తండ్రి దేవసి. ఆర్.ఎస్. పణిక్కర్ అనే ఆయన వేశారు. నా దృష్టిలో సినిమాకి ప్రాణం ఆయనే. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ మాటామంతీ లేకుండా తిరుగుతుంటారు. ఎందుకో మనకి చాలాసేపటిదాకా తెలియదు. కొడుకు సంగతి ఆయనకి ముందే తెలుసు, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందనుకున్నాడు. ఈ 'పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది' అన్న వైద్యం మనకి కొత్త కాదు. తాగుడికీ, మతిస్థిమితం లేకపోవడానికీ, జులాయితనానికీ అన్నింటికీ అదే మందు, మింగేది మాత్రం ఎవరి ఇంటి ఆడపిల్లో.

వంకలు లేవా అంటే ఉన్నాయి. మాథ్యూ ఇష్టపడిన తంకన్ ఊళ్ళో డ్రైవింగ్ స్కూలు నడుపుతుంటాడు. వాళ్ళిద్దరూ దగ్గర కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే ఘట్టం కోసం ఎదురుచూస్తే నిరాశే, చూపులతో సరిపెట్టేశారు. పెద్ద హీరో కాబట్టి జాగ్రత్తపడ్డారని కొందరు విసుక్కున్నారు. నిజం ఉంది. అయితే మా అక్కలాంటి వాళ్ళ విషయంలో ఆ జాగ్రత్తే కలిసొచ్చింది.

రెండోది అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి. ఆంగ్ లీ 1993లో తీసిన 'ది వెడ్డింగ్ బాంక్వెట్'. ఆ ఏడాది బెర్లిన్ ఉత్సవంలో గోల్డెన్ బేర్ గెల్చుకున్నవాటిలో ఒకటి. న్యూయార్క్‌లో స్థిరపడ్డ తైవాన్ కుర్రాడు వాయ్‌టుంగ్, సైమన్ అనే తెల్లబ్బాయితో కాపురం ఉంటాడు. తైపేలో ఉన్న అమ్మానాన్నలకి తెలియదు. పెళ్ళి చేసుకోమని ఒకటే పోరు. ఆ పోరు పడలేక, గ్రీన్‌కార్డు అవసరమున్న ఒక చైనా అమ్మాయితో ఉత్తుత్తి పెళ్ళికి ఒప్పుకుంటాడు. అమ్మానాన్నలు విమానమెక్కి దిగిపోతారు. రిజిస్ట్రారు ముందు రెండు నిమిషాల్లో పెళ్ళి అవగొడితే తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నాన్నగారి కింద ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన ఆయన ఇప్పుడు పెద్ద హోటలు యజమాని. మా పెద్దాయన కొడుకు పెళ్ళి ఇలాగా అని తనే విందు పెట్టేస్తాడు. ఇక ఆ విందు చూడాలి! తాగించడాలు, ఆటపట్టించడాలు, అర్ధరాత్రి శోభనం గదిలోకి జొరబడే స్నేహితులు. పేర్లు మార్చి న్యూజెర్సీలో తెలుగువాళ్ళ కథ అంటే నమ్మేస్తాం. విస్తట్లో ఏం వడ్డించారన్నదొక్కటే తేడా.

నవ్విస్తూ నవ్విస్తూ సినిమా ఒక చోట ఆగుతుంది. ముసలాయన సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసినవాడు, సంగతి తల్లికి తెలిశాక కూడా, ఆయనకి గుండె తట్టుకోదని చెప్పి తల్లీ కొడుకూ అసలు విషయం దాస్తారు. ఒకరోజు ఆయన సైమన్‌తో నీళ్ళ ఒడ్డున నడుస్తూ జేబులోంచి ఎర్ర కవరు తీసి ఇస్తాడు. అది వాళ్ళ ఆచారం, ఇంటి బిడ్డలకి, కోడళ్ళకి డబ్బు పెట్టి ఇచ్చేది. అన్నాళ్ళూ ఇంగ్లీషు రానట్టే ఉన్న పెద్దమనిషి ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. అంతా చూస్తున్నాడు, అంతా వింటున్నాడు, సైమన్ కూడా తన కొడుకేనట. ఈ సంగతి తన భార్యకీ కొడుక్కీ చెప్పొద్దని మాట కూడా తీసుకుంటాడు. ఎందుకంటే తను అమాయకుడిలా నటించకపోతే మనవడు పుట్టేవాడే కాదు! ప్రేమ, స్వార్థం, పరువు, గడుసుదనం అన్నీ ఆ ఒక్క కవరులో పెట్టిచ్చాడు ఆంగ్ లీ. మా బావగారు మామూలుగా సబ్‌టైటిల్స్ అంటే చిరాకుపడతారు. ఈ సినిమా మధ్యలో పేపరు పక్కన పెట్టి చూశారు. చివర్లో, "తండ్రికి తెలుస్తుందిలే" అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా. ఇదే కథని 2025లో అమెరికాలో మళ్ళీ తీశారు. నాకు మాత్రం పాతదే ఇష్టం.

అదే ఆంగ్ లీ పన్నెండేళ్ళ తర్వాత తీసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' గురించి అందరూ కొండ మీది ఇద్దరు గొర్రెల కాపరుల సంగతే చెప్తారు. 1963లో వయోమింగ్‌లో కలుస్తారు, ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ఏళ్ళ తరబడి చేపల వేట వంకతో కొండల్లో కలుసుకుంటారు. నన్నడిగితే ఆల్మాని చూడండి. ఎన్నిస్ భార్య, మిషెల్ విలియమ్స్ వేసింది. మెట్ల కింద మొగుడు జాక్‌ని వాటేసుకుని ముద్దుపెట్టుకోవడం తలుపు వెనకనుంచి చూసి ఊరుకుంటుంది. అనుమానం తీరడానికి ఆమె చేసిన పని చూస్తే మన ఆడవాళ్ళు గుర్తొస్తారు: చేపల బుట్టలో గాలం తాడు చివర ఓ చీటీ కడుతుంది, ఇంటికి చేపలు పట్టుకురమ్మని. మొగుడు తిరిగొచ్చి బోలెడు చేపలు పట్టి అక్కడే తినేశామంటాడు. బుట్ట తెరిస్తే ధర చీటీ కూడా ఊడలేదు, ఆమె కట్టిన చీటీ కట్టినట్టే ఉంది. తాడు నీళ్ళ ముఖం చూళ్ళేదు. ఈ సంగతి ఆమె అతని మొహం మీద అనేది విడాకులయ్యాక, ఎన్నో ఏళ్ళకి, పండగ భోజనానికి వచ్చినప్పుడు, గిన్నెలు కడుగుతూ. అన్నాళ్ళు కడుపులో పెట్టుకుంది.

అయినా సరే, అది తల్లికి మొదటి సినిమాగా వద్దనే అంటాను. కారణం వేరే ఉంది. ఈ కోవలో మంచి సినిమాలు చాలావాటిలో ఎవరో ఒకరు చచ్చిపోతారు. బ్రోక్‌బ్యాక్‌లో జాక్. ఓనిర్ 2005లో తీసిన 'మై బ్రదర్ నిఖిల్'లో ఎయిడ్స్ వచ్చిన ఈత చాంపియన్ నిఖిల్. గోవాలో ఎయిడ్స్ రోగుల హక్కుల కోసం నిలబడిన డొమినిక్ డిసౌజా జీవితం ఆ కథకి ఆధారం. ఇక 'మెమరీస్ ఇన్ మార్చ్'లో సినిమా మొదలయ్యేసరికే కొడుకు కారు ప్రమాదంలో పోయి ఉంటాడు. ఢిల్లీ నుంచి కోల్‌కతా వచ్చిన తల్లికి, వాడు ప్రేమించింది తన ఆఫీసులోనే పైస్థాయిలో ఉన్న ఒక మగవాణ్ణని అప్పుడు తెలుస్తుంది. దీప్తి నావల్, రితుపర్ణ ఘోష్ పోటీపడి చేశారు. కొడుకు మీద హక్కు ఎవరికెంత అని ఇద్దరు దుఃఖితులు తగవు పడుతున్నట్టుంటుంది. నాకు ప్రాణప్రదమైన సినిమా. కానీ ఇంకా ఏమీ తెలియని తల్లి దాన్ని చూస్తే ఆమెకి ఒకటే మిగులుతుంది, భయం. నిజం చెప్పడానికి కొడుకు గుండె చిక్కబట్టుకుంటున్న సమయంలో తల్లికి చావు భయం పెట్టడం దేనికి?

'అలీగఢ్' కూడా ఆ కారణంతోనే తర్వాతి వరసలో పెట్టాను. అది నిజంగా జరిగిన కథ. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కెమెరాతో మనుషులు జొరబడ్డారు. ఒక రిక్షా కార్మికుడితో ఉన్నాడని వీడియో తీశారు. విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. అప్పటికి రిటైర్మెంట్ నెలల్లో ఉంది. ఏప్రిల్ మొదట్లో అలహాబాద్ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఆ వారం తిరక్కుండానే తన గదిలో శవమై కనిపించాడు. 'వేదం'లో రహీముద్దీన్‌గా మనల్ని ఏడిపించిన మనోజ్ బాజ్‌పాయి ఇందులో సిరాస్. హన్సల్ మెహతా ఒక సన్నివేశం తీశాడు, కథకి దానితో పనేమీ లేదు: రాత్రి, ఒంటిగది, చేతిలో విస్కీ గ్లాసు, రికార్డులో లత పాత పాట. కెమెరా ఆయన ముఖం మీదే నిలబడుతుంది. కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తాడు, తాళం తప్పుతాడు, చెయ్యి గాల్లో తేలుతుంది. ఎవరికీ ఏ అపకారమూ చెయ్యని ఒక ముసలి మేష్టారు. ఈయన గది తలుపు బద్దలుకొట్టాల్సిన అవసరం ఎవరికొచ్చింది అని అడగాలనిపిస్తుంది. మా బ్యాంకులో పనిచేసిన స్నేహితులకి, రిటైరైన మేష్టర్లకి నేను ముందు చూపించేది ఇదే. తల్లులకి కాదు.

'ఫైర్' గురించి చెప్పకుండా దాటితే అన్యాయం. దీపా మెహతా 1996లో తీసింది. ఢిల్లీలో ఒక ఉమ్మడి కుటుంబం, ఇద్దరు తోడికోడళ్ళు, షబానా ఆజ్మీ, నందితా దాస్. 1998 చివర్లో మన దేశంలో విడుదలైతే ముంబైలో, ఢిల్లీలో శివసేన వాళ్ళు థియేటర్లు పగలగొట్టారు. మళ్ళీ సెన్సారుకి పంపారు, కోతల్లేకుండా తిరిగొచ్చింది. చరిత్రలో దాని చోటు దానికి ఉంది. సినిమాగా ఇప్పుడు చూస్తే కొంచెం చెప్పి చెప్పించినట్టుంటుందని నా అభిప్రాయం. ఆడవాళ్ళ మధ్య ప్రేమ గురించి చూడాలంటే నేను ముప్పావుగంట లోపు ముగిసిపోయే 'గీలీ పుచ్చీ' చూడమంటాను. 2021లో వచ్చిన 'అజీబ్ దాస్తాన్స్'లో ఒక కథ, తీసింది నీరజ్ ఘాయ్‌వాన్.

ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసే ఏకైక ఆడమనిషి భారతీ మండల్. అర్హత ఉండి కూడా ఆఫీసు కుర్చీ రాదు. ఆ కుర్చీలోకి ప్రియా శర్మ వస్తుంది. కొంకణా సేన్ శర్మ భారతి, హైదరాబాద్‌లో పుట్టిన మన 'సమ్మోహనం' అదితీ రావ్ హైదరీ ప్రియ. ఇద్దరికీ స్నేహం, ఆ తర్వాత స్నేహం దాటిన మనసు. తన కులం చెప్పనన్నాళ్ళూ అంతా బాగుంటుంది. తను దళితురాలినని భారతి చెప్పిన క్షణంలో ప్రియ ముఖంలో ఏదో వెనక్కి జరుగుతుంది. ప్రేమ ముందు కులం నిలబడదని ఎన్ని సినిమాలు మనకి చెప్పలేదు! ఇది తలుపు దగ్గరే నిలబెట్టి చూపిస్తుంది. చివర్లో ప్రియ అత్తగారింట్లో టీ ఇస్తారు. అందరికీ పింగాణీ కప్పులు, భారతికి స్టీలు గ్లాసు. ఆమె ఆ గ్లాసు చూసుకునే తీరు ఒక్కటి చాలు. గే అయినంత మాత్రాన మనుషులు మిగతా అన్ని జబ్బుల్నించీ బయటపడి ఉంటారని అనుకోవద్దని చెప్పిన సినిమాలు మన దేశంలో బహు తక్కువ.

హిందీలో వ్యాపార సినిమాలు కూడా వచ్చాయి. 2018 సెప్టెంబరు 6న సెక్షన్ 377లో ఈ సంబంధాల్ని నేరంగా చూసే భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేశాక నిర్మాతలకి ధైర్యమొచ్చింది. 'ఏక్ లడకీ కో దేఖా తో ఐసా లగా', 'శుభ్ మంగళ్ జ్యాదా సావధాన్' చూడొచ్చు, నష్టంలేదు, నవ్వుకుంటారు. వాటిల్లో ఉపన్యాసాలు ఎక్కువని నాకనిపించింది. 2022 నాటి 'బధాయి దో' వేరు. పోలీసు ఉద్యోగి శార్దూల్ గే, వ్యాయామం టీచరు సుమి లెస్బియన్. ఇంట్లో గోల పడలేక ఒకరినొకరు పెళ్ళి చేసుకుని రూమ్మేట్లలా ఉందామనుకుంటారు. ఒక ఏడాది గడవగానే కొత్త గోల మొదలు: విశేషమేమైనా ఉందా? ఇది మనకి చెప్పాలా! శార్దూల్ తల్లిగా షీబా చడ్ఢాకి సినిమా అంతా పెద్దగా మాటలుండవు. కొడుకు సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసినప్పుడు కూడా ఆవిడ పెద్ద డైలాగేమీ చెప్పదు, వెళ్ళి వాణ్ణి దగ్గరికి తీసుకుంటుంది. అక్కడ మా అక్క ముక్కు చీదుకుంది. 'కాదల్' అయ్యాక ఇదే చూపించాను. ఒక బరువు తర్వాత ఒక నవ్వు ఉండాలి.

ఇంకా కొత్తవి కావాలంటే రెండు. తమిళంలో 2025లో విడుదలైన 'కాదల్ ఎన్బదు పొదు ఉడమై'లో తల్లి మన అనకాపల్లి అమ్మాయి రోహిణి, 'బాహుబలి'లో శివుణ్ణి పెంచిన తల్లి. ఇక్కడ ఆవిడ అభ్యుదయ భావాలున్న మనిషి. నీకు నచ్చినవాణ్ణి ఇంటికి తీసుకురావే అని కూతురితో అనగలిగిన తల్లి. కూతురు ఒక అమ్మాయిని తీసుకొస్తుంది. సభల్లో మాట్లాడేవి ఇంటి గుమ్మం దాటేసరికి ఎంత ఇరుకవుతాయో రోహిణి ముఖంలో చూడాలి. అభ్యుదయవాదులున్న ఇళ్ళకి ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను. రెండోది మరాఠీ 'సాబర్ బోండం' (కొందరు 'సబర్ బొండా' అంటున్నారు), అంటే నాగజెముడు పండ్లు. రోహన్ కనవాడే తీశాడు, 2025లో సన్‌డాన్స్‌లో ప్రపంచ సినిమా విభాగంలో పెద్ద బహుమతి దానికే వచ్చింది. మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. ముంబైలో కాల్ సెంటర్‌లో పనిచేసే ఆనంద్, తండ్రి పోతే పదిరోజుల మైలకి సొంతూరు వెళ్తాడు. చుట్టాలు తండ్రి పోయిన దుఃఖం కన్నా వీడి పెళ్ళి గురించే ఎక్కువ బాధపడుతుంటారు. చిన్ననాటి స్నేహితుడు బాల్యా అక్కడే వ్యవసాయం చేసుకుంటూ పెళ్ళి తప్పించుకు తిరుగుతున్నాడు. తల్లికి కొడుకు సంగతి తెలుసు. తెలిసిన తల్లి, ఎదురు చెప్పని తల్లి, చదువు అంతగా లేని పల్లెటూరి తల్లి. ఇది పట్నంవాళ్ళ జబ్బు అనేవాళ్ళు ఎదురైతే మారుమాట్లాడకుండా ఈ సినిమా పెట్టండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంట్లోవాళ్ళని ఒప్పించడానికి. మా వాడితో ఈ మాటే అంటే, "పిన్నీ, మరి నాకో?" అన్నాడు. సబబైన ప్రశ్న. అస్తమానం అమ్మ ఏమనుకుంటుంది, నాన్న ఏమనుకుంటాడు అన్న కథలే చూస్తుంటే ఆ పిల్లల ప్రేమ ఎప్పటికీ ఇంకొకళ్ళ సమస్యగానే మిగిలిపోతుంది. వాడికి 'వీకెండ్' ఇచ్చాను. ఆండ్రూ హే 2011లో తీశాడు. నాటింగ్‌హామ్‌లో శుక్రవారం రాత్రి కలిసిన ఇద్దరు కుర్రాళ్ళు ఆదివారం వరకూ మాట్లాడుకుంటారు, అంతే. ఈతకొలను దగ్గర ఉద్యోగం చేసే రసెల్, నోటిదురుసు గ్లెన్. గ్లెన్ అమెరికా వెళ్ళిపోతున్నాడు. రసెల్ అనాథ, అందరూ ఏదో ఒక రోజు తండ్రికి చెప్పే మాట చెప్పుకోడానికి ఇతనికి తండ్రే లేడు. గ్లెన్ పక్కన పడుకునే, సరే నన్ను మీ నాన్న అనుకుని చెప్పు అంటాడు. రసెల్ చెప్తాడు. గ్లెన్ తండ్రి గొంతుతో, నువ్వు చంద్రుడి మీద కాలుపెట్టిన మొదటి మనిషివైనా నాకింతకన్నా గర్వంగా ఉండదన్నట్టు మాట్లాడతాడు. ఇద్దరూ హాస్యానికి మొదలుపెడతారు, హాస్యంగా మిగలదు. గది తలుపు మూసుకుని చూడాల్సిన సన్నివేశాలు ఉన్నాయి, పెద్దవాళ్ళ మధ్య పెట్టకండి. హాంకాంగ్ 'హ్యాపీ టుగెదర్' కూడా అలాంటిదే. వాంగ్ కార్‌వాయ్‌కి 1997లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చింది. బ్యూనస్ ఎయిర్స్‌లో చిల్లిగవ్వ లేకుండా చిక్కుకుని, రోజూ పోట్లాడుకుని రోజూ కలిసిపోయే జంట. వాళ్ళకి గే అన్నది సమస్య కాదు, ఒకరికొకరు సమస్య. ప్రేమంటే ఎవరికైనా అంతేగా.

మా వాడు అక్కకి చెప్పాడా, చెప్తే ఏమైంది అన్నది వాళ్ళ తల్లీకొడుకుల సంగతి. ఇక్కడ రాయను.

తెలుగు సినిమా ఒక్కటీ చెప్పలేదేం అని అడుగుతారు. ఏం చెప్పను? మన కామెడీ ట్రాకుల్లో ఏళ్ళ తరబడి ఇలాంటి మనిషి కనిపించేది ఒకే పనికి: చేతులు తిప్పుకుంటూ వస్తాడు, హీరో స్నేహితుడి మీద పడతాడు, వాడు కేకలేసుకుంటూ పారిపోతాడు, హాలు గొల్లుమంటుంది. ఆ నవ్వుల మధ్య నోరు నొక్కుకుని కూర్చున్న కుర్రాళ్ళు ప్రతి హాల్లోనూ ఉండే ఉంటారు. 2018లో నాని నిర్మాతగా, ప్రశాంత్ వర్మ దర్శకుడిగా వచ్చిన 'అ!'లో మాత్రం కాస్త గౌరవంగా ఒక ఘట్టం ఉంది. ఈషా రెబ్బా పాత్ర రాధ, పెళ్ళాడబోయే మనిషిని చూపిస్తానని అమ్మానాన్నల్ని రెస్టారెంట్‌కి పిలుస్తుంది. వచ్చేది నిత్యా మీనన్. తల్లిదండ్రుల కంగారు, రాధ నెమ్మది, అన్నీ బాగానే రాశారు. చివరికి ఆ పాత్రలన్నీ వేరే ఒకామె మనసులోని ముక్కలని తేలుతుంది. అంతవరకూ వచ్చి పక్కకి తప్పుకున్నట్టనిపించింది నాకు.

కథకి కొరతేం లేదు. కాకినాడలో పెళ్ళిచూపులు, పుణె నుంచి సెలవు పెట్టి వచ్చిన పిల్లాడు, ప్లేట్లలో బూందీ, కాజా, లోపల గదిలో నిజం తెలిసిన పిన్ని ఒకత్తె. తండ్రికి కూడా తెలుసేమోనని మనకి అనుమానం రావాలి, ఆయన మాత్రం ఆఖరి రీలు దాకా బయటపడకూడదు. రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు, నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఆ తండ్రి వేషానికి మన హీరోల్లో అరవై దాటిన ఒకాయన నా మనసులో ఉన్నాడు. మమ్ముట్టికి ఏమాత్రం తీసిపోడు. పేరు రాస్తే అభిమాన సంఘాలవాళ్ళు పత్రిక ఆఫీసుకి ఫోన్లు చేస్తారు, ఎడిటరుగారికి ఎందుకొచ్చిన తలనొప్పి.